ఆన్‌లైన్‌లో సాన్‌ఫు పట్టీలు కొనకండి: సింగపూర్‌లో ఉన్న మనవాళ్లకు హెచ్చరిక

ఇంట్లో ఆయాసంతో బాధపడే పెద్దవాళ్లో పిల్లలో ఉంటే ఇది తప్పకుండా చదవండి.

చైనా పంచాంగం ప్రకారం జూలై మధ్య నుంచి ఆగస్టు ద్వితీయార్ధం దాకా సాన్‌ఫు, అంటే ఏడాదిలో బాగా మండే రోజులు. చలికాలంలో ముదిరే దగ్గుకు, ఆయాసానికి వేసవిలోనే మందు వేయాలని అక్కడి సంప్రదాయ వైద్యం చెబుతుంది. అందుకే ఆ రోజుల్లో సుమారు పది రోజులకోసారి వీపు మీద మందు పట్టీలు అంటిస్తారు. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు వేయించుకున్న మా అత్తయ్యగారికి ఇదేమీ వింతగా అనిపించలేదు. ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర తెప్పించుకున్నారు.

పెట్టె మీద ఏ మందులు కలిపారో లేదు, ఎవరు తయారు చేశారో లేదు. రాత్రంతా ఉంచుకోవాలని మాత్రం మెసేజ్ పెట్టారు. అర్ధరాత్రి ఆవిడ మంటతో లేచి కూర్చున్నారు. తీసి చూస్తే పట్టీ అంటించిన ప్రతిచోటా రూపాయి బిళ్లంత బొబ్బ, లోపల పసుపు పచ్చని నీరు. ఆవిడకు షుగర్ కూడా ఉంది. పుండ్లు మానడానికి వారాలు పట్టింది, నల్ల మచ్చలు ఇంకా పోలేదు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, బొబ్బ వచ్చిందంటే లోపలి చలువ బయటికి పోతున్నట్టేనట, ఇక ఇన్‌హేలర్ తగ్గించేయొచ్చట! నాకు అసలు కోపం ఈ మాటకే వచ్చింది. ఆయాసం ఉన్న మనిషిని ఇన్‌హేలర్ మానమనడం ప్రాణాలతో చెలగాటం. డాక్టర్ చెప్పకుండా ఎవరూ ఆ పని చేయకండి. డబ్బు ఎలాగూ తిరిగి రాలేదు. కొన్నాళ్లకు అవే ఫొటోలతో వేరే పేరు మీద మళ్లీ అమ్మకం మొదలుపెట్టారు.

ఈ పట్టీలకు పెట్టే మందు ముద్దలో సాధారణంగా తెల్ల ఆవాలు, అల్లం రసం, షీషిన్, గాన్‌సుయ్ అనే చైనా మూలికల లాంటివి ఉంటాయి. ఆవాల ఘాటుకే చర్మం కాలిపోతుంది. అందుకే క్లినిక్‌లో పెద్దవాళ్లకు కొన్ని గంటలే ఉంచుతారు, పిల్లలకు ఇంకా తక్కువ. మంట పెరిగితే ముందే తీసేస్తారు. షీషిన్ మొక్కలో కిడ్నీలను దెబ్బతీసే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక మూలిక బదులు ఈ ఆమ్లం ఉన్న ఇంకో మూలిక కలిసిపోయి, వందమందికి పైగా మహిళల కిడ్నీలు పాడయ్యాయి. అది కడుపులోకి వెళ్లిన మందు, ఇది పైన అంటించేది, నిజమే. అయినా ఏం కలిపారో రాయని మందును ఒంటికి తగలనివ్వకపోవడమే నయం.

సింగపూర్‌లో చైనా సంప్రదాయ వైద్యులు 2000 నాటి చట్టం ప్రకారం ఆ వైద్యుల కోసమే ఉన్న ప్రభుత్వ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. పేరు అడగండి, బోర్డు జాబితాలో మీరే వెతికి చూసుకోండి. షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా, చర్మానికి అలర్జీ ఉన్నా ముందే చెప్పండి.

ఇప్పటికే అంటించుకుని మంటగా ఉంటే వెంటనే తీసి మామూలు నీళ్లతో కడగండి, బొబ్బలు చిదమకండి, డాక్టర్‌కు చూపించండి. పెట్టె పారేయొద్దు, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ హెల్త్ సైన్సెస్ అథారిటీకి ఫిర్యాదు చేయాలంటే అది కావాలి. చలికాలంలో సాన్‌జియు (బాగా చలిగా ఉండే రోజులు) పేరుతో ఇలాంటి పట్టీలే మళ్లీ అమ్మకానికి వస్తాయి. అప్పుడు కూడా ముందు పెట్టె వెనక వైపు ఫొటో అడగండి, పంపకపోతే డబ్బు కట్టకండి.