బొమ్మ క్వాడ్‌కాప్టర్‌కి ఫ్లాషింగ్ సామాను: చాలాకాలం వాడాక తేలినవి

హెచ్8 మినీ లాంటి అరచేతి క్వాడ్‌కాప్టర్‌లో ఫర్మ్‌వేర్ (చిప్‌లో ఉండి బొమ్మను నడిపే ప్రోగ్రాం) మార్చడానికి, అంటే ఫ్లాషింగ్‌కి, పెద్ద సరంజామా అక్కర్లేదు. కంప్యూటర్ నుంచి చిప్‌లోకి ప్రోగ్రాం రాసే ఎస్టీ-లింక్ వీ2 నకలు డాంగిల్, 30 గేజి వైరు, సన్న మొన సోల్డరింగ్ ఐరన్, 0.5 మిల్లీమీటర్ల సోల్డర్, ఫ్లక్స్, మల్టీమీటర్, భూతద్దం ఉంటే చాలు. అయితే ఇవి కొనే ముందే బొమ్మ విప్పి చిప్ మీది అక్షరాలు చదవండి. ఒకే పేరుతో అమ్మే బొమ్మల్లోనూ బోర్డులు మారుతుంటాయి. ఎస్టీఎం32ఎఫ్031 అన్న చిప్ పేరు కనిపిస్తే ఈ సామాను సరిపోతుంది.

డాంగిల్ పనితనానికి వంక పెట్టలేం. ఒక్కటే చిరాకు: పైడొప్ప మీద అచ్చేసిన పిన్ల వరుస లోపలి బోర్డుతో కలవకపోవచ్చు. డొప్ప జరిపి, బోర్డు మీది పేర్లనే నమ్మండి. రీసెట్ పిన్ను మీద ఆశ పెట్టుకోకండి. చాలా నకళ్లలో అది ఎస్టీఎం32 చిప్‌లకి పనికిరాదు.

అసలు సతాయించేది వైర్లు. డేటా, క్లాక్, గ్రౌండ్ మూడే కావాలి, 10-15 సెంటీమీటర్లకు మించకూడదు. అంతకంటే సాగదీస్తే కనెక్షన్ వచ్చీపోతూ ఉంటుంది. అప్పుడు ఓపెన్‌ఓసీడీలో (డాంగిల్‌ని నడిపే కంప్యూటర్ ప్రోగ్రాం) క్లాక్ వేగం తగ్గించి చూడండి. వైరు చివర ఒక్క మిల్లీమీటరే ఒలిచి, ముందే సోల్డర్ పూసి, ప్యాడ్‌కి (బోర్డు మీద వైరు అతికే లోహపు చుక్క) రెండు సెకన్లు తాకిస్తే చాలు. ఐరన్ ఎక్కువసేపు ఉంచినా, వైరు లాగినా ప్యాడ్ ఊడి చేతికొస్తుంది. బొట్టు హాట్ గ్లూ వేసి వైర్లను బోర్డుకు అతికించడం మంచిది.

కరెంటు బొమ్మ బ్యాటరీ నుంచే ఇవ్వండి. బ్యాటరీ ఉండగా డాంగిల్ 3.3 వోల్టుల పిన్ కూడా కలిపితే రెండు రెగ్యులేటర్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ప్రొపెల్లర్లు తీసేయడం తప్పనిసరి. చిప్‌ను మధ్యలో ఆపినా లోపలి టైమర్ నడుస్తూనే ఉండొచ్చు, మోటారు తిరుగుతూనే ఉండిపోవచ్చు.

కంపెనీ ఫర్మ్‌వేర్‌కి సాధారణంగా రీడ్ ప్రొటెక్షన్, అంటే బయటివాళ్లు చదవకుండా తాళం, ఉంటుంది. దాన్ని తీస్తే ఫ్లాష్ (ప్రోగ్రాం ఉండే చిప్ మెమరీ) మొత్తం చెరిగిపోతుంది. బ్యాకప్ అన్న మాటే లేదు. అన్‌లాక్ చేశాక బ్యాటరీ పీకి మళ్లీ పెట్టాలి, లేకపోతే కొత్త ఫర్మ్‌వేర్ రాయడం విఫలమవుతుంది. పాపం, చాలామంది డాంగిల్‌ని తిట్టుకునేది ఇక్కడే. ఈ చిప్‌లోని ఎఫ్031కే4 రకంలో ఫ్లాష్ 16 కేబీ మాత్రమే. ఫర్మ్‌వేర్‌ను కంపైల్ చేసేటప్పుడు సైజు తగ్గించే ఆప్టిమైజేషన్ పెట్టకపోతే, లింకర్ (కోడ్ ముక్కల్ని కలిపే ప్రోగ్రాం) చోటు చాలదని మొరాయిస్తుంది.

రాశాక కూడా ప్రొపెల్లర్లు పెట్టడానికి తొందరపడొద్దు. సమతలం మీద ఉంచి గైరో (తిరుగుడు పసిగట్టే సెన్సర్) కాలిబ్రేట్ చేయండి. లెవెల్ మోడ్‌లో (బొమ్మ తనంతట తానే సమంగా నిలిచే పద్ధతి) కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి, బోర్డును చేత్తో కుడికి వంచండి. కుడివైపు మోటార్లు వేగం అందుకోవాలి. ఎడమవైపువి అందుకుంటే కాన్ఫిగ్‌లో గైరో దిశ తప్పినట్టే. అలాగే ఎగరేస్తే లేస్తూనే పల్టీ కొడుతుంది.