సాఫ్ట్‌బాల్ షోకేస్ యాత్రలు: ఏ ఊరు కలిసొచ్చింది, ఏ ఊరు జేబు ఖాళీ చేసింది

పిల్లని షోకేస్‌లకి, అంటే కాలేజీ కోచ్‌లు వచ్చి ఆట చూసే సాఫ్ట్‌బాల్ పోటీలకి, తిప్పితే కాలేజీ జట్టులో చోటొస్తుందా? డల్లాస్ చుట్టుపక్కల ట్రావెల్ బాల్ (ఊరూరా తిరిగి ఆడే క్లబ్ జట్ల ఆట) ఆడించే తెలుగు అమ్మానాన్నలు ఎక్కడ కలిసినా మాట చివరికి ఇక్కడికే వస్తుంది. మేము తిరిగి చూసినంతలో నాకు తేలింది ఒక్కటే. గ్రౌండ్‌కి వచ్చిన కోచ్ చేతి కాగితంలో మీ అమ్మాయి పేరు ముందే ఉంటే ఆ ప్రయాణానికి పెట్టిన డబ్బు దక్కినట్టే. లేకపోతే పిల్ల మంచి ఆట ఆడొస్తుంది, మీరు ఊరు చూసొస్తారు. అంతకుమించి ఆశపెట్టుకోకండి.

మేముండేది ఫ్రిస్కోలో. మా అమ్మాయి సెంటర్ ఫీల్డ్ ఆడుతుంది, ఎడమచేతి స్లాపర్, అంటే పరుగు అందుకుంటూనే బంతిని తట్టి మొదటి బేస్‌కి దూసుకెళ్లే రకం. నిజామాబాద్‌లో చదువుకునే రోజుల్లో నేనూ ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో సాఫ్ట్‌బాల్ ఆడాను కాబట్టి ఆట నాకు కొత్తకాదు. ఇక్కడి రిక్రూటింగ్, అంటే కాలేజీ జట్లు పిల్లల్ని ఎంచుకునే వ్యవహారం మాత్రం అక్షరాభ్యాసం నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. షోకేస్‌లో సాధారణంగా ట్రోఫీ ఉండదు. మ్యాచ్ గడియారం ప్రకారం నడుస్తుంది, చాలాసార్లు గంటా పావు దాటగానే ఆపేస్తారు. జట్టులో ఉన్న అందరూ వరసగా బ్యాటింగ్ చేస్తారు. స్కోరు ఎంతని ఎవరూ అడగరు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక వల దగ్గర కాలేజీ పేరున్న టీషర్టులు వేసుకుని, మడతకుర్చీల్లో కోచ్‌లు కూర్చుంటారు. ఒకరి చేతిలో రాడార్ గన్, ఇంకొకరి చేతిలో స్టాప్‌వాచ్. కాలేజీ ఆటలకి నియమాలు పెట్టే సంస్థ ఎన్‌సీఏఏ 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం డివిజన్ వన్ (మూడు స్థాయిల్లో పైది) కోచ్‌లు పదకొండో తరగతి సెప్టెంబరు 1 దాకా అమ్మాయితో రిక్రూటింగ్ గురించి మాట్లాడకూడదు. ఆట చూడొచ్చు, తమ క్యాంపు కరపత్రం పంపొచ్చు, అంతే. పిల్ల నమస్కారం పెడితే కోచ్ చిన్నగా నవ్వి చూపు తిప్పుకున్నారంటే నచ్చలేదని కాదు, నిబంధన అడ్డొచ్చిందని.

మొదటి పెద్ద ప్రయాణం కొలరాడోకి, తొమ్మిదో తరగతి అయిన వేసవిలో. జులై 4 వారంలో డెన్వర్ చుట్టుపక్కల గ్రౌండ్లన్నీ సాఫ్ట్‌బాల్ జట్లతో నిండిపోతాయి. దేశం నలుమూలల నుంచీ వందల జట్లు వస్తాయి, కోచ్‌లూ అలాగే వస్తారు. ఫ్లైట్ టికెట్లు మండిపోతుండటంతో కారులోనే బయల్దేరాం. 287 రోడ్డు పట్టుకుని అమరిల్లో, డాల్హార్ట్, క్లేటన్ మీదుగా రటోన్ కనుమ ఎక్కి, అక్కడినుంచి ఐ-25 మీద ఉత్తరానికి. పన్నెండు పదమూడు గంటల దారి. ఒక్క బిగిన లాగొద్దు. అమరిల్లోలో రాత్రి పడుకుని తెల్లారి కొండలెక్కితే కళ్లకీ హాయి, పిల్ల నడుముకీ హాయి.

బస ఆరోరాలో ఎయిర్‌పోర్టు వైపు, వంటగది ఉన్న సూట్ హోటల్లో. మంచి నిర్ణయం. చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ సీసా, పులిహోర పొడి ఉంటే గ్రౌండ్ దగ్గర పది డాలర్ల నాచోలు కొనే పని తప్పుతుంది. ఫ్రిజ్ పెద్దదేనా అని బుక్ చేసే ముందే ఫోన్ చేసి అడగండి, ఐసు సంచులు గడ్డకట్టాలి. అయితే ఆరోరా బస అన్ని మ్యాచ్‌లకీ దగ్గర కాదు. గ్రౌండ్లు నగరం చుట్టూ చెదిరి ఉంటాయి. ఉదయం మ్యాచ్ ఒక కొస, సాయంత్రం మ్యాచ్ ఇంకో కొస. మధ్యలో ముప్పావుగంట డ్రైవింగ్. షెడ్యూల్ వచ్చేదాకా ఆగి, రద్దుచేసుకునే వీలున్న గదే తీసుకోవాలి.

డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు. మొదటి రోజు మా జట్టులో ఇద్దరు పిల్లలకి ముక్కు నుంచి రక్తం కారింది, మా అమ్మాయికి తలనొప్పి. రెండు రోజుల ముందే చేరుకుని, దాహం వేసినా వేయకపోయినా నీళ్లు, పల్చని మజ్జిగ తాగించాలి. గాలి పలచన కాబట్టి బంతి కూడా మన అంచనా కంటే దూరం వెళ్తుంది. ఫీల్డర్లకి అలవాటు పడటానికే ఒక పూట పడుతుంది. ఇక మధ్యాహ్నమైతే కొండల మీంచి మబ్బులు దిగుతాయి. మెరుపు కనిపిస్తే గ్రౌండ్ ఖాళీ చేయాలి, చివరి ఉరుము తర్వాత అరగంట గడిస్తేనే మళ్లీ ఆట. ఇందులోనే అసలు నష్టం ఉంది. ఆట వాయిదా పడి మొదలయ్యేసరికి మా అమ్మాయి కోసం వస్తారనుకున్న కోచ్ వేరే గ్రౌండ్‌కి వెళ్లిపోయారు. ఆయన జాబితాలో ఇంకా ఎందరో ఉన్నారు మరి.

అక్కడే నాకు ఇంకో సంగతి అర్థమైంది. ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు పిచ్చర్ (బంతి విసిరే అమ్మాయి) కోసం కోచ్‌లు రెండు వరసల్లో కూర్చున్నారు. మూడో ఇన్నింగ్స్‌లో ఆ అమ్మాయిని మార్చగానే కుర్చీలు మడిచి సగంమంది లేచి వెళ్లారు. పిచ్చర్‌కీ క్యాచర్‌కీ ప్రతి బంతితో పని ఉంటుంది కాబట్టి ఎవరు చూడొచ్చినా చూడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది. సెంటర్ ఫీల్డ్‌లో నిలబడ్డ పిల్లకి ఆ గంటా పావులో ఒక్క బంతి కూడా రాకపోవచ్చు. మా పక్కన గొడుగు కింద కూర్చున్న హ్యూస్టన్ తెలుగావిడ అడిగింది, "అక్కా, ఇంత దూరం వచ్చాం కదా, మన పిల్లల్ని ఎవరైనా చూశారంటారా?" అని. చూశారు, ఒక రకంగా. పేరున్న పిచ్చర్ కోసం వచ్చినవాళ్లు ఆ పిచ్చర్‌ని కొట్టిన బ్యాటర్ జెర్సీ నంబరు కూడా రాసుకుంటారు. మా అమ్మాయి ఆ రోజు స్లాప్ చేసి మొదటి బేస్‌కి చేరినప్పుడు ఒక కోచ్ స్టాప్‌వాచ్ నొక్కి ఏదో రాసుకోవడం నేను చూశాను. తొమ్మిదో తరగతి పిల్లకి కొలరాడోలో దక్కింది అంతే. ఆ వయసులో ఇంత ఖర్చు అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. పదకొండో తరగతి అయిన వేసవిలో, ముందే కోచ్‌లతో మాటలు నడుస్తుంటే మాత్రం కొలరాడో వదులుకోకూడదు.

కాలిఫోర్నియా సంగతి వేరు. ఆ మరుసటి వేసవిలో హంటింగ్టన్ బీచ్‌కి వెళ్లాం. పీజీఎఫ్ (ప్రీమియర్ గర్ల్స్ ఫాస్ట్‌పిచ్) జాతీయ పోటీలు అక్కడ, ఫౌంటెన్ వ్యాలీలో, అర్వైన్‌లోని బిల్ బార్బర్ పార్కులో జరుగుతాయి. పేరుకి ఛాంపియన్‌షిప్ అయినా కోచ్‌ల రద్దీ షోకేస్‌కి తగ్గదు. నిజం చెప్పాలంటే ఇక్కడ ఆట నాణ్యతే వేరు. గెలుపు కోసం ఆడతారు కాబట్టి ఒత్తిడిలో పిల్ల ఎలా నిలబడుతుందో కోచ్‌కి కనిపిస్తుంది. డల్లాస్ ఎండలో మాడిన మాకు సముద్రపు గాలి తగలగానే ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి కూడా టెంటు లేకుండా కూర్చోగలిగాం.

బీచ్ పక్క హోటళ్ల ధరలు చూసి గుండె గుభేలుమంటుంది. గార్డెన్ గ్రోవ్, వెస్ట్‌మిన్‌స్టర్ వైపు ఉంటే దాదాపు సగానికి దొరుకుతాయి, గ్రౌండ్‌కి ఇరవై నిమిషాలే. విమానం జాన్ వేన్ ఎయిర్‌పోర్టుకి తీసుకోండి. లాస్ ఏంజెలెస్ కంటే టికెట్ కాస్త ఎక్కువున్నా 405 హైవే ట్రాఫిక్‌లో పోయే గంటలు మిగులుతాయి. బ్యాట్లని విమానం లోపలికి తీసుకెళ్లనివ్వరు, చెకిన్ చేయాల్సిందే. గ్లవ్, స్పైక్‌లు, ఒక జత యూనిఫాం మాత్రం చేతి సంచిలోనే ఉంచుకోండి. సామాను ఆలస్యమైతే బ్యాట్ పక్కమ్మాయి ఇస్తుంది, గ్లవ్ ఎవరూ ఇవ్వలేరు. మ్యాచ్‌లు లేని సాయంత్రం ఆర్టీషియాలో పయనీర్ బులవార్డ్‌కి వెళ్లాం. వరసగా మన దుకాణాలు, దోశ హోటళ్లు. పిల్లలు పొట్టపగిలేలా తిన్నారు. కాలిఫోర్నియాకి మళ్లీ వెళ్తారా అంటే జట్టు అర్హత సాధిస్తే వెళ్తాను.

పదకొండో తరగతిలో, చలికాలం ముందు, టెక్సస్‌లోనే ఒక ఫాల్ షోకేస్‌కి వెళ్లాం. దాని గురించి నాకు ఇప్పటికీ కోపమే. నిర్వాహకులు చెప్పిన హోటళ్లలోనే దిగాలి, బయట దిగితే జట్టుకి ప్రవేశం లేదు. దీన్ని 'స్టే టు ప్లే' అంటారు, చాలా పోటీల్లో ఉంది. అదే హోటల్‌ని నేను విడిగా వెతికితే గది తక్కువకే కనిపించింది. గదిలో ఏసీ పనిచేయలేదు, మార్చమంటే నిండిపోయాయన్నారు. గేటు దగ్గర మనిషికింత, పార్కింగ్‌కింత. వస్తారని ప్రకటించిన కాలేజీల జాబితా పొడుగ్గా ఉంది, మేము తిరిగిన గ్రౌండ్లలో ఆ టీషర్టులు కొన్నే కనిపించాయి. ఆ జాబితాని చూసి డబ్బు కట్టకండి. మీకు కావాల్సిన కాలేజీ కోచ్‌కి అమ్మాయి చేతే మెయిల్ రాయించి, ఈ వారాంతం మీరు వస్తున్నారా అని అడిగించండి. పదకొండో తరగతి సెప్టెంబరు 1 నుంచి వాళ్లు జవాబివ్వొచ్చు, ఆసక్తి ఉంటే ఇస్తారు కూడా.

ఆ మెయిల్ గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే హోటల్, టికెట్ల కంటే ఇదే ముఖ్యం. పై వరసలోనే ఏ సంవత్సరం హైస్కూల్ పూర్తవుతుందో, ఏ స్థానంలో ఆడుతుందో, జీపీఏ ఎంతో ఉండాలి. రెండు నిమిషాల వీడియో, పాటలూ స్లోమోషన్‌లూ లేకుండా. షోకేస్‌కి పది రోజుల ముందొకటి, ఏ గ్రౌండ్‌లో ఏ టైముకి ఏ నంబరు జెర్సీతో ఆడుతుందో చెప్తూ ముందు రోజు ఇంకొకటి. రాసేది అమ్మాయే కావాలి. అమ్మానాన్నలు రాసిన మెయిల్ కోచ్‌లకి నచ్చదు.

మాకు నిజంగా దారి చూపింది మాత్రం ఒక చిన్న కాలేజీ క్యాంపు. టెక్సస్‌లోనే, డివిజన్ త్రీ. ఒక్క రోజు, నలభై మంది లోపు అమ్మాయిలు. ఫీజు పెద్ద షోకేస్ ప్రయాణంలో ఒక రాత్రి హోటల్ ఖర్చంత. ఉదయం హెడ్ కోచే నిలబడి అవుట్‌ఫీల్డర్లకి బంతులు కొట్టింది. ఏడాది పొడుగునా షోకేస్‌లలో రానన్ని బంతులు మా అమ్మాయికి ఆ ఒక్క పూటలో వచ్చాయి. తప్పు చేసిన చోట ఆపి, అడుగు ఎలా వేయాలో చెప్పి, మళ్లీ కొట్టింది. చెప్పింది పిల్ల ఎంత త్వరగా పట్టుకుంటుందో చూడటమే ఆవిడ ఉద్దేశం. మధ్యాహ్నం జట్టు అమ్మాయిలు హాస్టలు, భోజనశాల చూపించారు. ల్యాబులున్న రోజు ప్రాక్టీసు ఎలా సర్దుకుంటారో వాళ్ల నోటే విన్నాం. పెద్ద కాలేజీల క్యాంపుల్లో వందల మంది ఉంటారు, అందరికీ ఒకే ఆహ్వానం వస్తుంది. దాన్ని పిలుపనుకుని పరుగెత్తొద్దు.

2025 జూన్‌లో మహిళల కాలేజీ వరల్డ్ సిరీస్ చూడటానికి ఓక్లహోమా సిటీకి వెళ్లాం. ఐ-35 మీద మూడు గంటలు. డెవన్ పార్కులో టెక్సస్, టెక్సస్ టెక్ ఫైనల్. టెక్సస్‌కి అదే తొలి టైటిల్. టెక్ పిచ్చర్ నైజరీ కెనడీ స్టాన్‌ఫర్డ్ నుంచి మారి వచ్చిన అమ్మాయి, ఒక ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందంతో. పిల్లలకి ఆ ఆట చూపించడానికి పెట్టిన ఖర్చు ఏ షోకేస్‌కి పెట్టినదానికంటే నాకు తృప్తినిచ్చింది. 2028 ఒలింపిక్స్ సాఫ్ట్‌బాల్ కూడా అక్కడే. అయితే ఆ స్టాండ్స్‌లో కూర్చున్నప్పుడు ఒక విషయం గట్టిగా తగిలింది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక పై స్థాయి కోచ్‌లు పన్నెండో తరగతి పిల్లకి బదులు, కాలేజీలో రెండేళ్లు ఆడి రాటుదేలిన ఇరవయ్యేళ్ల అమ్మాయిని తీసుకోగలుగుతున్నారు. కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బివ్వడానికి వీలు కల్పిస్తూ 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం తర్వాత, అందులో చేరిన డివిజన్ వన్ జట్లలో 25 మందికి మించి ఉండకూడదు. డివిజన్ వన్ జట్లు మొత్తం సుమారు 300. హైస్కూల్లో ఆడేవాళ్లు మూడు లక్షలకు పైనే.

స్కాలర్‌షిప్ లెక్క కూడా చూసుకోండి. 2025 దాకా డివిజన్ వన్ జట్టుకి 12 స్కాలర్‌షిప్‌లే, వాటినే ముక్కలుగా పంచేవారు. ఇప్పుడు హౌస్ ఒప్పందంలో చేరిన జట్లకి ఆ హద్దు తీసేసినా డబ్బున్న కాలేజీలకే అది వెసులుబాటు. డివిజన్ టూలో 7.2. డివిజన్ త్రీలో, ఐవీ లీగ్‌లో ఆటకి ఒక్క డాలరూ ఇవ్వరు. కానీ చాలా డివిజన్ త్రీ కాలేజీలు చదువుకి ఇచ్చే సాయం పెద్దది, మన పిల్లల మార్కులకి అక్కడ విలువుంది. కోచ్‌కి నచ్చితే సాధారణంగా పన్నెండో తరగతికి ముందు, జులై 1 తర్వాత, అమ్మాయి మార్కుల జాబితాని అడ్మిషన్స్ ఆఫీసుకి చూపించి ముందస్తు అభిప్రాయం తీసుకుంటారు. మా అమ్మాయి మార్కులు ఆ చిన్న కాలేజీ కోచ్ ఈ జులైలో పంపించింది, మంచి మాటే వచ్చింది. దరఖాస్తు నవంబరులో. ఆలోగా అక్టోబరులో అక్కడ ఇంకో క్యాంపు ఉంది. క్యాంపస్‌కి పది నిమిషాల్లో ఉన్న హోటల్లో గది పట్టాం, మావారు కుక్కర్ అప్పుడే డిక్కీలో సర్దేశారు.