స్ప్లిట్ ఏసీకి అంటించే ఫిల్టర్ రోల్: జాలీ మొత్తం కప్పారంటే ఏసీకే ఎసరు

పక్కన టవర్ లేస్తుంటే ఎన్ని తలుపులు మూసినా బెడ్‌రూమ్‌లోకి దుమ్ము రాకుండా ఆగదు. హైదరాబాద్ కోకాపేట, తెల్లాపూర్ ఫ్లాట్లలో ఉండేవాళ్ల కన్ను ఆన్‌లైన్‌లో అమ్మే తెల్లటి ఫిల్టర్ రోల్ మీద పడేది అందుకే. కత్తిరించి ఏసీ జాలీ మీద అంటించుకోవడమే. సరుకు మోసం కాదు, వాడే తీరులోనే ఉంది తిప్పలంతా.

ఏసీతో వచ్చే జాలీ వెంట్రుకలు, నూలుపోగులు, లావు దుమ్ము వరకే ఆపుతుంది. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అంతకంటే సన్నటి దుమ్ము, దానిలోంచి దర్జాగా వెళ్లిపోతుంది. ఈ రోల్ స్థిర విద్యుత్తు ఎక్కించిన పోగుల బట్ట, సన్న దుమ్మును లాగి పట్టుకుంటుంది. కొనేముందు మెర్వ్ రేటింగ్, అంటే ఫిల్టర్ ఎంత సన్న కణాలను ఆపుతుందో చెప్పే అంకె, చూడండి. మెర్వ్ 8 అంటే 3 నుంచి 10 మైక్రాన్ల కణాల్లో కనీసం 70 శాతం ఆపాలి. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లోనూ సగం ఆపాలి. కానీ అంత దట్టమైన బట్టలోంచి గాలి లాగడం స్ప్లిట్ ఏసీ బ్లోవర్ వల్ల కాదు. రేటింగ్ లేకుండా ఉత్త ‘99 శాతం’ అని రాసుంటే వదిలేయండి.

జాలీలో మూడో వంతుకు మించి కప్పొద్దు. ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది కాబట్టి ఆ ముక్క చాలు. మొత్తం కప్పితే గాలి తగ్గి, వచ్చే కాస్త గాలీ ఇంకా చల్లగా తగులుతుంది. అది చూసి మురిసిపోవద్దు, గది మాత్రం చల్లబడదు. ఇంకా బిగిస్తే లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద ఐస్ కట్టి, కరిగినప్పుడు గోడ వెంట నీళ్లు కారతాయి. మెకానిక్ వచ్చీ రాగానే గ్యాస్ అయిపోయిందంటాడు. ముందు షీట్ పీకేసి, గంటసేపు ఫ్యాన్ మోడ్‌లో నడిపి, మళ్లీ కూలింగ్ పెట్టి చూడండి, ఐస్ కట్టకపోతే తప్పు షీట్‌దే. గ్యాస్ తక్కువైతే ఐస్ మామూలుగా కాయిల్‌కి ఒక పక్కనే మొదలవుతుంది. ఐస్‌ని స్క్రూడ్రైవర్‌తో మాత్రం గీకొద్దు.

షీట్‌ని కడగొద్దు. సబ్బు తగిలితే చార్జ్ పోతుంది, చూడ్డానికి తెల్లగా ఉన్నా పని చేయదు. బూడిద రంగుకు తిరగ్గానే మార్చేయాలి. ఓపెన్ కిచెన్ అయితే తిరగమోత నూనె పొగకి ఇంకా ముందే జిడ్డెక్కుతుంది. అగరబత్తి వాసనా పోదు, దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఉండాలి.

జాలీని మాత్రం రెండు వారాలకోసారి గోరువెచ్చని నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో ఫ్రేమ్ వంగిపోతుంది. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి పొర మిగులుతుంది, చివరి కడుగు మంజీరా (కుళాయి) నీళ్లతో కానివ్వండి. ఆర్వో బయటికి వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి పనికిరావు.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ రోల్‌ని నమ్ముకోకండి. 150 చదరపు అడుగుల గదికి గంటకు 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (శుభ్రం చేసి వదిలే గాలి లెక్క) ఉన్న హెపా ప్యూరిఫైయర్, అంటే అతి సన్న కణాలనూ ఆపే ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం, కొనుక్కోండి.