ఇరవై ఏళ్లు దాటినా పాడుతున్న నా క్యాసెట్ వాక్‌మన్

ముందే చెప్పేస్తాను, సినిమా పాటలు వినడానికే అయితే ఇది కొనక్కర్లేదు, ఫోన్ చాలు. కానీ ఇంట్లో పాత క్యాసెట్లు ఉండి, వాటిలో ఉన్నది ఇంకెక్కడా దొరకదంటే మాత్రం పనిచేసే వాక్‌మన్ ఒకటి తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

నాది విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నది, ఒక జపాన్ కంపెనీది. వాక్‌మన్ అనేది సోనీ వాళ్లు 1979లో పెట్టుకున్న పేరే అయినా మేం ఏ కంపెనీదైనా అలాగే అనేవాళ్లం. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ రైల్లో కాలేజీకి తిరిగినన్నాళ్లూ నా జేబులో ఇదే. రెండు పెన్సిల్ సెల్లు వేస్తే చాలు, అయిపోతే ఏ స్టేషన్ బయటైనా దొరికేవి. దీని తర్వాత కొన్న ఎంపీ3 ప్లేయర్ ఇప్పుడు ఆన్ కూడా అవ్వదు. బ్యాటరీ లోపలే బిగించేశారు, మార్చే దారి లేదు, అందులో పాటలు అందులోనే ఉండిపోయాయి. నా దృష్టిలో క్యాసెట్ గెలిచింది ఇక్కడే.

రిపేరంటే ముఖ్యంగా లోపల మోటారుతో చక్రాల్ని తిప్పించే రబ్బరు బెల్టే. మన ఎండలకీ ఉక్కకీ రబ్బరు సాగుతుంది, కొన్నాళ్లకి కరిగి తారులా అంటుకుంటుంది. రీలు నడిచేదే సెకనుకి ఐదు సెంటీమీటర్ల లోపు, అంత నెమ్మది కాబట్టి బెల్టు కాస్త వదులైనా గొంతు ఊగిపోతుంది. మొదటిసారి గవర్నర్‌పేటలో ఒక మెకానిక్ గారు మార్చిపెట్టారు, ఆయన పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నాను, అప్పట్నుంచీ నేనే మార్చుకుంటున్నాను. పాట మూగగా వస్తే బెల్టు జోలికి పోకండి, రీలు మీద పాటని చదివే హెడ్డు మురికి పట్టి ఉంటుంది, దూదికి స్పిరిట్ అద్ది తుడవండి. క్యాసెట్లలో అరవై నిమిషాలవే మేలు, తొంభైవాటిలో రీలు పల్చన, తొందరగా రోలర్‌కి చుట్టుకుపోతుంది. వానాకాలంలో బూజు పడుతుంది. రీలు మీద తెల్ల మచ్చలు కనిపిస్తే శుభ్రం చేయకుండా వాక్‌మన్‌లో పెట్టొద్దు.

ఇంత శ్రమ ఎందుకంటే, మా నాన్నగారు టూ ఇన్ వన్‌లో, అంటే రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసున్న పెట్టెలో, విజయవాడ ఆకాశవాణి నుంచి భక్తిరంజని, ఉషశ్రీ గారి ప్రవచనాలు రికార్డు చేసి పెట్టారు. ఒక క్యాసెట్‌లో ఉషశ్రీ గారు రామాయణం చెబుతుంటే, వెనకాల మా నాయనమ్మ గొంతు, "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి, చూడవే!" అని మా అమ్మను కేకేస్తూ. ఆ టూ ఇన్ వన్ మైకు అదీ పట్టేసింది. నాయనమ్మ గొంతు మా దగ్గర అదొక్కటే ఉంది. ఇలాంటివి మీ ఇంట్లో ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి, వాక్‌మన్ ఇయర్‌ఫోన్ రంధ్రంలో ఒక వైరు పెట్టి, రెండో కొసని కంప్యూటర్‌లో బయటి శబ్దం తీసుకునే లైన్ ఇన్ రంధ్రానికి కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోవచ్చు. అరగంట వైపుకి అరగంటే పడుతుంది, తొందర కుదరదు.

సోనీ 2010లోనే జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్లకి స్వస్తి చెప్పింది, కాబట్టి ఆ కాలం మెషిన్ కావాలంటే సెకండ్ హ్యాండే. క్యాసెట్ తీసి తిప్పకుండానే రెండో వైపు పాడించే ఆటో రివర్స్ నాకు బాగా ఉపయోగపడింది గానీ అందులో పళ్లచక్రాలు ఎక్కువ, పాతది కొనేటప్పుడు అది లేనిదే తీసుకోండి. మీ క్యాసెట్ పట్టుకెళ్లి, అమ్మేవాళ్ల ముందే ఒక వైపు పూర్తిగా విని, గొంతు ఊగకపోతేనే డబ్బులివ్వండి.