జెకిల్ అండ్ హైడ్: పుస్తకం కొనండి, అట్ట వెనక మాత్రం చూడకండి

హన్మకొండ చౌరస్తా దగ్గర పుస్తకాల షాపులో స్టీవెన్సన్ నవల ‘స్ట్రేంజ్ కేస్ ఆఫ్ డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ చవకగా దొరికితే తెచ్చుకున్నాను. నవలకు ఐదు స్టార్లు, ఈ ఎడిషన్‌కు రెండే.

అట్ట వెనక మొదటి వాక్యంలోనే గుట్టంతా విప్పేశారు, ముందుమాటలోనూ అదే పని. 1886 జనవరిలో షిల్లింగ్ పెట్టి ఈ పుస్తకం కొన్నవాళ్లకు హైడ్ ఎవరో తెలియదు. అంత పేరున్న డాక్టరు ఒక దుర్మార్గుడి పేరిట వీలునామా ఎందుకు రాశాడు, బ్లాక్‌మెయిల్ ఏమైనా నడుస్తోందా అని లాయర్ అటర్‌సన్‌తో పాటు వాళ్లూ బుర్ర బద్దలు కొట్టుకుని ఉంటారు. చివరి రెండు అధ్యాయాల దాకా ముడి వీడదు మరి! ఇప్పుడు ఒక మ్యాచ్‌లో చెలరేగి తర్వాతి మ్యాచ్‌లో కుప్పకూలే టీమును కూడా కామెంటేటర్లు జెకిల్ అండ్ హైడ్ అనేస్తున్నారు, కాబట్టి సగం సస్పెన్స్ ఎప్పుడో పోయింది. మిగిలిన సగమైనా కాపాడొచ్చు కదా.

అయినా చదవండి, ఎందుకంటే ఆ మాట వాడేవాళ్లు అనుకునే కథ ఇందులో లేదు. ఒకడు మంచోడు, ఇంకొకడు చెడ్డోడు అని కాదు. జెకిల్ వయసులో ఉన్నప్పటి నుంచే తన సరదాలను పరువు కోసం దాచుకుంటూ వచ్చినవాడు, పేరు చెడకుండా అవన్నీ తీర్చుకోవడానికి తెలిసి తెలిసీ తనను హైడ్‌గా మార్చే మందు తాగుతాడు. ఒక పొద్దున నిద్ర లేచి చూస్తే దుప్పటి మీద తన చెయ్యి సన్నగా, నరాలు తేలి, నల్లటి వెంట్రుకలతో కనిపిస్తుంది. రాత్రి పడుకున్నది జెకిల్, ఆ తర్వాత మందు ముట్టనే లేదు! అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. తర్వాత మందులోకి కావాల్సిన ఒక రసాయన లవణం కోసం పనివాణ్ణి లండన్ షాపులన్నీ తిప్పుతాడు, ఏదీ పనిచేయదు, మొదట తెచ్చినది కల్తీది కాబట్టే పనిచేసిందేమో అని చివరికి తడుతుంది. ఎంత భయంకరమైన ఊహ అది!

అక్షరాలు మరీ చిన్నవి, కళ్లు లాగుతాయి. పేజీ కింద ఇచ్చిన అర్థాలు మాత్రం బాగున్నాయి, డిగ్రీలో ఇంగ్లీష్ చదివే పిల్లలకు పనికొస్తాయి. చిన్న నవలే, కాజీపేటలో రైలెక్కి మొదలుపెడితే సికింద్రాబాద్ వచ్చేసరికి చాలావరకు అయిపోతుంది. కొన్నాక అట్టకు కాగితం వేసుకుని, ముందుమాటను ఆఖర్న చదువుకోండి.