సైకిలుకు బిగించిన టూ స్ట్రోక్ ఇంజను: నాలుగేళ్ల కుస్తీ తరవాత

పెట్టె మీద 80 సీసీ అని ఉంటుంది. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండరు, లోపలి వెడల్పు 47 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 38. లెక్క కట్టి చూస్తే 66 సీసీ తేలుతుంది. సైకిలు ఫ్రేములో బిగించుకునే ఈ కిట్టు కొన్నప్పుడు ఆ లెక్క నాకు తెలియదు. తెలిసినా కొనేవాణ్ణే అనుకోండి. నాలుగేళ్లలో ఏడు వేల కిలోమీటర్లు తిప్పాను. ఈలోగా ఒక బోరు పాడుచేశాను, కార్బురేటరులో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు చాలా మార్చాను, రెండుసార్లు ఇంటిదాకా తోసుకుంటూ వచ్చాను.

ముందు ఆ బోరు సంగతి. రెండో నెలలోనే ఆకురాయి పట్టాను. ఎగ్జాస్టు పోర్టు, అంటే బోరు గోడలో పొగ బయటికి పోయే రంధ్రం, పై అంచుని ఒక మిల్లీమీటరు పైకి అరగదీస్తే ఇంజను ఇంకా వేగంగా తిరుగుతుందని విన్నాను. నిజంగానే తిరిగింది. కాకపోతే పోర్టు ముందే తెరుచుకోవడంతో పిస్టన్‌ని కిందికి నెట్టాల్సిన ఒత్తిడి కూడా ముందే బయటికి పోయింది. చదును రోడ్డు మీద హుషారే, చిన్న ఎత్తు వస్తే మాత్రం పెడల్ తొక్కాల్సిందే. పైగా అరగదీసిన అంచుని నునుపుగా గుండ్రం చేయలేదు. పిస్టన్ రింగు దానికి తగులుకుని 300 కిలోమీటర్లకే విరిగింది, ఆ ముక్క బోరంతా గీరేసింది.

రెండో బోరు మీద ఆకురాయి పెట్టలేదు. అసలు లాభం అతుకుల మధ్య వేసే ప్యాకింగుల దగ్గర ఉందని అప్పుడే తెలిసింది. ఇన్‌టేకు, ఎగ్జాస్టు ప్యాకింగుల్ని పోర్టు మీద పెట్టి వెలుతురులో చూస్తే, దారికి అడ్డంగా నెలవంకలా కాగితం కనిపించింది. బ్లేడుతో కోసేయడం పావుగంట పని. బోరుకి మూతలా ఉండే హెడ్డు మీద టోపీ నట్లు కూడా తీసేయండి. నట్టు ఎక్కే మరల కడ్డీ, అంటే స్టడ్డు, కొన లోపల టోపీకి తగిలి ఆగిపోతే, నట్టు బిగిసినట్టే ఉంటుంది గానీ హెడ్డుని నొక్కదు. మామూలు నట్టు, వాషరు వేసి, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాక హెడ్డు చుట్టూ కారే నల్లటి నూనె ఆగింది.

నన్ను ఎక్కువ ఏడిపించింది గాలి లీకు. యాక్సిలరేటరు వదిలేసినా ఇంజను వెంటనే నెమ్మదించేది కాదు, కాసేపు అలాగే అరిచేది. ప్లగ్గు తీస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉండేది. పెట్రోలు చాలట్లేదని జెట్టు రంధ్రాన్ని 0.70 నుంచి 0.80 మిల్లీమీటర్లకు పెంచాను. ఫుల్ యాక్సిలరేటరులో ప్లగ్గు రంగు తిరిగింది గానీ, ఆ అరుపు మాత్రం పోలేదు. టూ స్ట్రోకులో బోరు కింద ఉండే క్రాంకు గది కూడా పెట్రోలు ఆవిరిని పైకి తోసే ఒక పంపే. అందులోకి దొంగగాలి చేరితే జెట్టు మార్చి ప్రయోజనం లేదు. చివరికి పాత బీపీ మిషను బల్బు, గడియారం తీసుకున్నాను. పిస్టన్ పైకి తెచ్చి, ఎగ్జాస్టుని రబ్బరు పలకతో మూసి, కార్బురేటరు వైపు గొట్టంలోంచి గాలి కొట్టాను. 300 దాకా ఎక్కిన ముల్లు నిమిషంలో 100కి దిగింది. సబ్బునీళ్లు పూస్తే ప్లగ్గుకి కరెంటు ఇచ్చే మ్యాగ్నెటో వైపు ఆయిల్ సీలు దగ్గర బుడగలు! సీలు మార్చాక ఐదు నిమిషాలైనా ముల్లు 280 దగ్గరే ఉంది. నాలుగేళ్లలో నేను చేసిన పనుల్లో మొదటి మార్కు దీనికే.

లీకు పోయాక పెద్ద జెట్టు ఎక్కువైంది, ఇంజను తడబడుతూ పొగ కక్కింది. జెట్టుని టంకంతో మూసి సన్న డ్రిల్లుతో తొలుస్తూ చూస్తే చివరికి 0.65 కుదిరింది. ఇంకో తిరకాసుంది: పెట్రోలులో నూనె ఎక్కువ కలిపితే ఇంజనుకి మేలని చాలామంది అనుకుంటారు. కానీ అదే జెట్టులోంచి నూనె ఎక్కువ పోతే పెట్రోలు తక్కువ పోతుంది, మంట వేడెక్కుతుంది. మొదట్లో పదహారు పాళ్లకు ఒక పాలు కలిపి, తరవాత ముప్ఫై రెండుకు ఒకటి చేశాను. పాళ్లు మార్చిన ప్రతిసారీ ప్లగ్గు చూడక తప్పలేదు. ఆ ప్లగ్గు కూడా కిట్టుతో వచ్చిన పాతది కాదు, ఎన్‌జీకే బీ6హెచ్‌ఎస్. స్టార్టింగు తేలికైంది, అంతకుమించి చెప్పడానికి లేదు.

ఎత్తుల మీద లాగుడు పెరిగింది హెడ్డు పని తరవాతే. ప్లగ్గు రంధ్రంలోంచి టంకం తీగను బోరు గోడ దాకా పెట్టి క్రాంకు తిప్పితే, పిస్టనుకీ హెడ్డుకీ మధ్య ఎంత సందుందో నలిగిన తీగ చెబుతుంది. పిస్టన్ పిన్ను ఉన్న వరసలోనే తీగ పెట్టాలి, లేకపోతే పిస్టన్ ఒరిగి తప్పు కొలత వస్తుంది. నాకు 1.4 మిల్లీమీటర్లు వచ్చింది. పాతదానికంటే అర మిల్లీమీటరు పలచనైన రాగి ప్యాకింగు వేసి 0.9కి దించాను, దాంతో ఆవిరి ఇంకా గట్టిగా నొక్కుకుంది. బోరు కింది ప్యాకింగు తీసేసినా సందు తగ్గుతుంది, కానీ బోరు కిందికి దిగి పోర్టులు తెరుచుకునే సమయాలన్నీ మారిపోతాయి. అందుకే దాని జోలికి పోలేదు.

పొట్ట ఉబ్బిన ఎక్స్‌పాన్షను సైలెన్సరు కూడా ఆర్నెల్లు వాడాను. తూర్పు జర్మనీలో 1950లలో ఎమ్‌జెడ్ కంపెనీ రేసు బళ్లకు వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు పదునుపెట్టిన కిటుకు అది. గొట్టంలోంచి తిరిగొచ్చే ఒత్తిడి అల, బయటికి జారిపోబోయే పెట్రోలు ఆవిరిని మళ్లీ బోరులోకి తోస్తుంది. అయితే ఆ అల సమయానికి వచ్చేది కొంత వేగం మధ్యనే. నేనేమో సగం యాక్సిలరేటరులో తిరిగే మనిషిని. ఇప్పుడది మేకుకి వేలాడుతోంది. వెనక చక్రానికి 44 పళ్ల స్ప్రాకెట్టు తీసి 36 వేయడం నాకు అంతకంటే పనికొచ్చింది. అదే వేగానికి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, అదురు తగ్గి చేతులు తిమ్మిరెక్కడం మానేశాయి. ఫ్రేముకీ ఇంజనుకీ మధ్య రబ్బరు ముక్కలు పెట్టకండి. నేను పెట్టాను, అదురు పెరిగి స్టడ్డు ఒకటి తెగింది.

మొన్న ప్లగ్గు తీస్తే లేత గోధుమరంగులో ఉంది. ఇక సతాయిస్తున్నది క్లచ్చు తీగ ఒక్కటే, ఇప్పుడున్నది ఆరోది.