కొని ఉంచుకోవడమా, కొని అమ్మడమా?

న్యూయార్క్‌లో హెర్బర్ట్ వోగెల్ పోస్టాఫీసు గుమస్తా, భార్య డొరోతీ లైబ్రేరియన్. ఆమె జీతంతో ఇల్లు గడిచేది, ఆయన జీతం కళాఖండాలు కొనడానికే పోయేది. సబ్‌వేలోనో టాక్సీలోనో ఇంటికి తెచ్చుకోగలిగినవే కొనేవారు. ఆ ఇరుకు అపార్ట్‌మెంట్‌లో మంచం కింద కూడా బొమ్మలే. కళాకారులైన క్రిస్టో, జాన్ క్లాడ్ దంపతుల పిల్లిని చూసుకున్నందుకు వాళ్ల కొలాజ్ (ముక్కలు అతికించి చేసే బొమ్మ) ఒకటి దక్కింది. కళాకారులతో వాళ్లకు అంత చనువు!

లండన్‌లో చార్లెస్ సాచీ దారి వేరు. అడ్వర్టైజింగ్‌లో సంపాదించిన డబ్బుతో యువ కళాకారుల పనుల్ని గుత్తగా కొనేవారు, తర్వాత చాలావాటిని అమ్మేసేవారు. 1991లో యువ కళాకారుడు డేమియన్ హర్స్ట్‌తో చేయించిన, గాజు తొట్టెలో నిజమైన సొరచేపను ఉంచిన కళాఖండం కూడా అలాగే చేతులు మారింది. ఆయన కొనకపోతే హర్స్ట్ తరం అంత త్వరగా వెలుగులోకి వచ్చేది కాదు, ఒప్పుకుంటాను.

అయినా నా మనసు వోగెల్ దంపతుల వైపే. సేకరించినవి నాలుగు వేలు దాటాయి. కొన్ని అమ్ముకున్నా దర్జాగా బతకొచ్చు. కానీ 1992లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి అప్పగించడానికి ఒప్పుకున్నారు. ఆ మ్యూజియం తన దగ్గరున్నవి అమ్మదు, ప్రవేశం ఉచితం, అందుకని. బదులుగా గ్యాలరీ ఏటా కొంత డబ్బు ఇచ్చే ఏర్పాటు చేస్తే, దాంతో మళ్లీ బొమ్మలే కొన్నారు.